చేతికి తెలిసే రోడ్డు



వీడియో గేముల్లో కారు నడపడానికి బల్లకు బిగించుకునే స్టీరింగ్ ఒకటి ఉంది. దాని లోపల మోటారు ఉంటుంది. మనం కుడికి తిప్పితే అది ఎడమకు లాగుతుంది. తెర మీద కారు గుంతలో పడితే మన చేతుల్లో చక్రం అదురుతుంది. దాన్ని ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వీల్ అంటారు. పట్నాల్లో పిల్లల గదుల్లో కనబడే ఈ వస్తువు గురించి ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నాను. వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్ళు దీన్ని ముఖ్యంగా వినాలని నా కోరిక. మన వైపు రోడ్డు మీద బతికే కుటుంబాలు ఎక్కువ. పైగా మన రోడ్లు మామూలు రోడ్లు కావు.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు ఎక్కించుకుని చెన్నైకి పోయే లారీ ఏ తోవన పోయినా ఎక్కడో ఒకచోట ఆ ఎత్తంతా దిగాల్సిందే. వాల్మీకిపురం, పీలేరు మీదుగా తిరుపతికి పోతే భాకరాపేట ఘాట్ ఉంది. పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరు వైపు పోతే మొగిలి ఘాట్ ఉంది. టమోటా ఆగే సరుకు కాదు. తెల్లారేలోపల చేరాలి. అంటే ఈ దిగుడంతా చీకట్లో, నిద్రలేని కళ్ళతో, బరువుతో సాగుతుంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడి పలువురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని ఇంకొందరు పోయారు. ఆ వార్తలు మన ఇళ్ళలో వార్తల్లాగా వినలేదు. ఎవరి పిల్లలో, ఎవరి మేనల్లుళ్ళో అనుకుంటూ విన్నాం.

ఘాట్ దిగే డ్రైవరుకు మలుపు కంటికి కనబడుతుంది. ఎదురొచ్చే లైట్లు కనబడతాయి. కానీ టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకొని ఉందన్నది ఏ కంటికీ కనబడదు. అది చేతికే తెలుస్తుంది. నేను ఈ ఆట వస్తువును ఇంత పట్టించుకోవడానికి కారణం ఇదే. బండి నడపడంలో అద్దంలోంచి కనబడనిదాన్ని ఇంట్లో కూర్చున్నవాడి చేతికి అందించాలని చూసే యంత్రం ఇది.

చేతికి ఎలా తెలుస్తుందో కొంచెం నిదానంగా చెబుతాను. సైకిలు మీద చేతులు వదిలేసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు, నడుస్తున్న సైకిలు ముందుచక్రం చాలావరకు తనంతట తానే నేరుగా నిలబడుతుంది. ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండడం అందుకు ఒక కారణం. కార్లకూ లారీలకూ ఆ ఏటవాలు ఉంటుంది. దానికి తోడు టైరు చేసే పని ఇంకొకటి ఉంది. కారు టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయంత. బండి మలుపు తిరిగేటప్పుడు ఆ అరచేయంత రబ్బరు పక్కకు సాగుతుంది. ముందు అంచు అప్పుడే నేలను తాకింది కాబట్టి తక్కువ సాగుతుంది, వెనక అంచు ఎక్కువ సాగుతుంది. అందువల్ల బండిని మలుపులోకి నెట్టే బలం ఆ రబ్బరు మధ్యలో కాక కాస్త వెనకగా పనిచేస్తుంది. ఆ కాస్త ఎడమే స్టీరింగును మళ్ళీ నేరుగా తిప్పాలని చూస్తుంది. మలుపులో వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ బరువెక్కేది అందుకే.

అసలు విశేషం ఇక్కడుంది. పట్టు చివరికి వచ్చేసరికి, బాగా సాగిన వెనక భాగం ముందుగా జారడం మొదలుపెడుతుంది. బలం పనిచేసే చోటు మళ్ళీ మధ్యకు జరిగిపోతుంది. టైరు అప్పటికింకా బండిని మలుపులోనే పట్టి ఉంచుతుంది. కానీ చేతిలో స్టీరింగ్ తేలికైపోతుంది. అంటే బండి పూర్తిగా జారకముందే చేతికి కబురు వస్తుంది. గాలిపటం ఎగరేసేటప్పుడు పటం కిందికి వాలకముందే వేలికున్న దారం వదులవుతుంది చూడండి, అలాగన్నమాట. తెలిసినవాడు ఆ క్షణంలో వేగం తగ్గించుకుంటాడు. తెలియనివాడు బండి తిరగడం లేదని స్టీరింగును ఇంకా తిప్పుతాడు, ఉన్న పట్టు కూడా పోగొట్టుకుంటాడు.

మంచి రేసింగ్ గేములో ఈ లెక్కంతా సెకనుకు వందలసార్లు జరుగుతుంది. ఏ టైరు మీద ఎంత బరువుంది, ఎంత సాగింది, ఎంత జారింది అని లెక్కగట్టి, ముందు చక్రాల దగ్గర పుట్టే ఆ మెలి బలాన్ని స్టీరింగ్‌లోని మోటారుకు పంపుతారు. అదురు కోసం పెట్టిన మోటారు వేరు, ఇది వేరు. ఫోనులోనూ, ఆట రిమోటులోనూ ఉండేది అదురు మాత్రమే. మన పిల్లలు చాలామంది ఫోనులో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆడతారు. ఆ బస్సుకు మన ఆర్టీసీ రంగులు వేసుకుంటారు, హారను కూడా మన బస్సుదే పెట్టుకుంటారు. వాళ్ళ ఇష్టం నాకు ముచ్చటగా ఉంటుంది. బస్సంటే అంత ప్రేమ ఉన్న పిల్లలు ఇంకెక్కడుంటారు? కానీ ఫోనును అటూ ఇటూ వంచితే బస్సు తిరుగుతుందే తప్ప, ఆ బస్సు తిరిగి చేతికి ఏమీ చెప్పదు.

మా మేనమామ ఒకాయన చాలా ఏళ్ళు టమోటా లోడు లారీ తోలాడు. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆయన్ని ఒకసారి కూర్చోబెట్టి ఈ స్టీరింగ్ చేతికిచ్చాను. అసెట్టో కోర్సా అని ఇటలీవాళ్ళు చేసిన గేము. అందులో ట్రెంటో నుంచి బొండోనే కొండ మీదికి ఎక్కే రోడ్డుంది. మన హార్సిలీ కొండ రోడ్డులాగే వంపు మీద వంపు.

ఆయన చక్రం పట్టుకున్న తీరే నన్ను ఆపేసింది. రెండు బొటనవేళ్ళూ చక్రం లోపలికి పోనీకుండా అంచు మీదనే పైకి పెట్టుకున్నాడు.

"బొటనేలు లోపల పెట్టవేంది మామా?" అన్నాను.

"పాత లారీల్లో పవర్ స్టీరింగ్ యాడిదిరా? ముందుచక్రం రాయికి కొడితే స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది. లోపల పెడితే వేలు ఇరిగిపోతాది" అన్నాడు.

బలమైన మోటార్లున్న వీల్స్ వాడేవాళ్ళకు కూడా నిపుణులు చెప్పే జాగ్రత్త అదే. తెరమీద కారు గోడకు గుద్దుకున్నప్పుడు నిజంగానే చక్రం విసురుగా తిరుగుతుంది. లారీ డ్రైవరు చేతికి ఎప్పుడో తెలిసిన విషయమది.

నాలుగైదు మలుపులు తిరిగాక ఆయన ఒక వంపులోకి కాస్త వేగంగా పోయాడు. నేను తెరనే చూస్తున్నాను, కారు ఇంకా రోడ్డు మీదనే ఉంది. ఆయన కాలు మాత్రం అప్పటికే యాక్సిలరేటర్ మీంచి లేచింది. "ఏమైంది మామా?" అంటే, "తేలిపాయె కదా, నీకు తెలీలేదా?" అన్నాడు. ఆయన జీవితంలో మొదటిసారి పట్టుకున్న ఆట వస్తువది. ఏ పుస్తకమూ చదవకుండా, ఎవరూ చెప్పకుండా, చక్రం తేలికవడాన్ని ఆయన చేతులు గుర్తుపట్టాయి. నేను ఇందాక మీకు ఇంతసేపు వివరించిన శాస్త్రం ఆయన అరచేతుల్లో ఉంది.

ఆయన ఎత్తిచూపిన లోపాలు కూడా చెప్పాలి. "రెండు చుట్లకే అయిపాయె, ఇది కారుకు సరే, లారీకి చాలదు" అన్నాడు. నిజమే. ఈ వీల్స్‌లో ఎక్కువ భాగం 900 డిగ్రీలు, అంటే ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండున్నర చుట్లు తిరుగుతాయి. లారీ స్టీరింగ్ అంతకంటే చాలా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. రెండో మాట ఇంకా పెద్దది. "బండి యాడుందిరా? నడుముకు ఏమీ తెలీడం లేదే. బ్రేకు తొక్కితే ముందుకు తుయ్యాల. మలుపులో పక్కకు వాలాల" అన్నాడు. కుర్చీ కదలదు, ఒళ్ళు కదలదు. వెనకచక్రాలు జారడం నిజమైన బండిలో చేతికంటే నడుముకు ముందు తెలుస్తుంది. ఆట వస్తువు ఆ కబురు ఇవ్వలేదు. లక్షలు పోసి కుర్చీ కదిలే యంత్రాలు పెట్టుకున్నా అది పూర్తిగా రాదు. ఇంకా పెద్ద తేడా అందరికీ తెలిసిందే. ఇక్కడ లోయలో పడ్డవాడు బటన్ నొక్కి మళ్ళీ రోడ్డు మీదికి వస్తాడు.

ఆ తేడా మరిచిపోయి గేములో నేర్చిన వేగాన్ని రోడ్డు మీద చూపించాలనుకునే కుర్రవాడికి ఈ వస్తువు కొనివ్వకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. రేసులో ఎంత తొందరగా చేరితే అంత గొప్ప. తిరుమల ఘాట్‌లో లెక్క పూర్తిగా తలకిందులు. పైకెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని, అంతకంటే ముందు చేరిన బండికి జరిమానా అని అక్కడ నియమం పెట్టారు. ఎక్కడానికంటే దిగడానికే ఎక్కువ సమయం ఇచ్చారు చూడండి. కొండ తెలిసినవాళ్ళు పెట్టిన నియమం అది.

ఈ యంత్రం కథ కొత్తది కాదు. 1989లో అమెరికాలో అటారీ కంపెనీ హార్డ్ డ్రైవిన్ అనే గేము పెట్టెను బజారులోకి తెచ్చింది. అందులో తాళం చెవి, క్లచ్, గేర్లు ఉండేవి. చక్రం ఎదురు లాగేది. కారు ఎలా నడవాలో లెక్క చెప్పడానికి డగ్ మిల్లికెన్ అనే వాహన శాస్త్రవేత్తను పిలిపించుకున్నారు. గేము చేసినవాళ్ళ జాబితాలో ఆయన పేరు టెస్ట్ డ్రైవర్‌గా కనబడుతుంది. 1990ల చివరికి మైక్రోసాఫ్ట్, లాజిటెక్ కంపెనీలు ఇళ్ళలో వాడుకునే చక్రాలు తెచ్చాయి. అక్కడి నుంచి దారి సూటిగా నడిచింది. 2011లో జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటన్ కుర్రవాడు గ్రాన్ టూరిస్మో గేము పోటీలో గెలిచి, నిస్సాన్ కంపెనీ తరఫున నిజమైన రేసు కారెక్కాడు. 2013లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసులో నడిపాడు. అదే పోటీని 2014లో మన దేశంలోనూ పెట్టారు.

మన తెలుగు నేల మీదికి ప్రపంచ స్థాయి రేసు 2023 ఫిబ్రవరి 11న వచ్చింది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్కు చుట్టూ 2.83 కిలోమీటర్ల దారి వేసి, కరెంటు కార్లతో ఫార్ములా ఈ పోటీ పెట్టారు. ఫ్రాన్స్ డ్రైవర్ ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. బ్యాటరీ అడుగంటుతుండగా, న్యూజిలాండ్ నిక్ క్యాసిడీ వెనక నుంచి తరుముతుండగా, దారి ఇవ్వకుండా చివరి వరకు కాచుకొచ్చాడు. ఆ రేసు చూసినవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. ఫార్ములా ఈ రేసులు ఊరి మధ్య రోడ్ల మీద జరుగుతాయి. రోడ్డు మూసేది కొద్ది రోజులే, ట్రాక్ మీద సాధనకు దొరికేది కొద్ది సమయమే. అందుకని జట్లు ముందుగానే సిమ్యులేటర్‌లో ఆ దారిని తయారుచేసుకొని, డ్రైవర్లచేత తిప్పిస్తాయి. మన సాగరు ఒడ్డు మలుపులు వాళ్ళు హైదరాబాదుకు రాకముందే వాళ్ళ చేతులకు పరిచయం. 2024లో రెండోసారి జరగాల్సిన రేసు రద్దయింది, అది మనకు నష్టమే.

ఇప్పుడు ఇంట్లో కొనాలనుకునేవాళ్ళ సంగతి. మోటారు బలాన్ని చక్రానికి అందించే పద్ధతులు మూడు రకాలు: పళ్ళచక్రాలు, బెల్టు, మోటారు ఇరుసుకే చక్రం బిగించడం. 2015లో వచ్చిన లాజిటెక్ జీ29 పళ్ళచక్రాలది. దాని బలం రెండు న్యూటన్ మీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే చక్రం అంచున కిలోన్నర బరువు వేలాడదీస్తే ఎంత లాగుతుందో అంత. కాస్త గరగరమంటుంది గానీ నేర్చుకునేవాడికి ధారాళంగా చాలు. బెల్టువి మెత్తగా ఉంటాయి, ఎక్కువసేపు ఆడితే వేడెక్కి బలం తగ్గుతుంది. నేరుగా మోటారుకు బిగించినవి ఐదు న్యూటన్ మీటర్ల నుంచి ఇరవై దాటి పోతాయి. అంత బలం పిల్లల చేతికి వద్దు.

ఎక్కువ బలం పెట్టుకుంటే ఎక్కువ నిజం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మోటారు ఇవ్వగలిగిన దానికంటే గేము ఎక్కువ అడిగితే, మోటారు తన హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆ పైన పట్టు పెరిగినా తగ్గినా చక్రం ఒకే బరువుతో ఉంటుంది. అంటే ఏ తేలికదనం కోసం డబ్బు పెట్టామో, అదే దాంట్లో మునిగిపోతుంది. కాబట్టి గేములో బలం తగ్గించి, వేగమైన మలుపుల్లో కూడా తేడా తెలిసేటట్టు పెట్టుకోవాలి. సెంటరింగ్ స్ప్రింగ్ అని ఒక అమరిక ఉంటుంది, దాన్ని తీసేయాలి. అది చక్రాన్ని ఎప్పుడూ మధ్యకు లాగే ఉత్త స్ప్రింగు, రోడ్డు చెప్పే మాటను అది కప్పేస్తుంది. ఆన్ చేయగానే చక్రం తనంతట తానే ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతుంది, ఆ సమయంలో పిల్లల చేతులు దూరంగా ఉంచండి. బల్ల గట్టిది కావాలి. కాళ్ళకు చక్రాలున్న ఆఫీసు కుర్చీ వద్దు, బ్రేకు తొక్కినప్పుడల్లా వెనక్కి పోతుంది. డబ్బు మిగిలితే చక్రం మీద కాదు, బ్రేకు పెడల్ మీద పెట్టండి. పెడల్ ఎంత దూరం పోయిందో కొలిచేదానికంటే, కాలు ఎంత గట్టిగా తొక్కిందో కొలిచే లోడ్‌సెల్ పెడల్ నిజమైన బండికి దగ్గరగా ఉంటుంది.

ఇది ఆటలతో ఆగిపోయే విద్య కూడా కాదు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగ్ తేలిక చేసేది కరెంటు మోటారే. సుజుకీ కంపెనీ 1988లోనే అలాంటి కారు తెచ్చింది. 2023లో అమ్మకానికి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీ సంబంధమే లేదు. ఉన్నవి వైర్లు మాత్రమే. డ్రైవరు చేతికి తెలిసే బరువంతా మోటారు పుట్టించేదే. గేము చక్రంలో ఉన్న పద్ధతే నిజమైన బండిలోకి వచ్చింది.

శిక్షణలోకి కూడా వచ్చింది. 2021 జులై నుంచి అమల్లో ఉన్న కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం, గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ ఉండి తీరాలి. కార్లవంటి తేలిక బండ్లకు నాలుగు వారాల్లో 29 గంటలు, లారీలు బస్సులవంటి బరువు బండ్లకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ. మీ పిల్లవాణ్ణి అలాంటి కేంద్రంలో చేర్చేటప్పుడు సిమ్యులేటర్ ఉందా అని అడిగి ఊరుకోకండి. దాని ముందు మీరే కూర్చోండి. తెరమీద బండి కదలకుండా నిలబెట్టి, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి వదలండి. గబుక్కున మధ్యకు వచ్చేస్తే అందులో ఉన్నది స్ప్రింగు. నిలబడ్డ బండి స్టీరింగ్ తిప్పిన చోటనే ఉండాలి, బండి కదిలాకే వెనక్కి రావాలి. మెకానిక్ ఎవర్నయినా అడగండి, ఇదే చెబుతారు.

చివరగా ఒక కోరిక. గేములకు కొత్త దారులు తయారుచేసే పని ఇప్పుడు పెద్ద కంపెనీలదే కాదు. అసెట్టో కోర్సా లాంటి వాటికి ప్రపంచమంతా కుర్రవాళ్ళు తమ ఊరి కొండదారులను తామే కొలిచి, గీసి, ఎక్కించుకుంటున్నారు. మదనపల్లెలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, కుప్పంలోనూ ఉంది. చేతులతో ముట్టుకొని సైన్సు నేర్పే అగస్త్య సంస్థ ఆవరణ కూడా కుప్పం దగ్గరే ఉంది. భాకరాపేట ఘాట్‌ను, మొగిలి ఘాట్‌ను కొలిచి సిమ్యులేటర్‌లోకి ఎక్కించే పని చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎవరైనా ఎత్తుకోవాలి. మలుపులు, వాలు మాత్రమే గీస్తే చాలదు. వాన పడ్డ మొదటి పది నిమిషాల్లో ఎక్కడ జారుతుందో, ఏ వంపులో రోడ్డు బయటికి వాలి ఉందో, నిండు లోడుతో బ్రేకులు ఎక్కడ వేడెక్కుతాయో, న్యూట్రల్‌లో దించితే ఏమవుతుందో అందులో ఉండాలి. ఇవి ఏ మ్యాపులోనూ దొరకవు, డ్రైవర్ల దగ్గర దొరుకుతాయి. ఆ దారి సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడానికి మదనపల్లె మార్కెట్ యార్డు దగ్గర లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవర్లను పిలవండి. చక్రం చేతికిచ్చి ఒక్కొక్క మలుపూ అడగండి. వాళ్ళకు ఆ రోజు బాడుగ ఎంత పోతుందో అంతా లెక్కగట్టి ఇవ్వండి. డగ్ మిల్లికెన్ పేరు రాసినట్టే వాళ్ళ పేర్లు కూడా టెస్ట్ డ్రైవర్లుగా రాయండి.